కాస్పర్‌లో మన పంటు: ఫోర్ట్ కాస్పర్ మ్యూజియం

డెన్వర్ నుంచి ఐ-25 మీద నాలుగు గంటలు ఉత్తరానికి వెళ్తే వయోమింగ్‌లో కాస్పర్ వస్తుంది. అక్కడి ఫోర్ట్ కాస్పర్ మ్యూజియంకి మా నాన్నగారిని తీసుకెళ్లాను. ఆయనది సఖినేటిపల్లి. నరసాపురంలో ఉద్యోగం, రోజూ పంటు మీదే, అంటే జంట పడవల మీద పలకలు పరిచిన బల్లకట్టు మీదే, గోదావరి దాటేవారు.

ఇక్కడికి ఎక్కువమంది వచ్చేది సైనికుల కోట కోసం. 1865 జులై 26న ఇక్కడి వంతెన దగ్గర జరిగిన పోరులో చనిపోయిన లెఫ్టినెంట్ కాస్పర్ కాలిన్స్ పేరే దీనికి పెట్టారు. 1936లో తిరిగి కట్టిన దుంగల గదులు బాగున్నాయి, చూడండి. అయితే కోటకీ వంతెనకీ ముందు ఇక్కడున్నది రేవు. నన్ను కదిలించింది అదే.

ఆరుబయట ఆనాటి బల్లకట్టు నమూనా ఉంది. తొలిచిన రెండు దుంగలు, వాటి మీద అడ్డంగా పరిచిన పలకలు. నాన్నగారు చూడగానే ఆగిపోయారు. "అమ్మాయ్, ఇది మన పంటేనే!" వంగి పలకల కిందకి చూశారు. దుంగల మధ్య ఎడం జానలతో కొలుస్తూ, "ఈ ఎడం లేకపోతే బండెక్కగానే పక్కకి ఒరిగిపోద్ది" అన్నారు.

ఆ సంగతి ఈ రేవు మొదలెట్టినవాళ్లకి దెబ్బ తింటేగానీ తెలియలేదు. 1847 జూన్‌లో తమ నాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట పడమటికి వలసపోతున్న మోర్మన్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) ఇక్కడికి చేరేసరికి, మంచు కరిగి నార్త్ ప్లాట్ నది పోటెత్తి ఉంది. బళ్లని ఒకదానికొకటి కట్టి నీళ్లలోకి దింపితే బోల్తా పడ్డాయి. తెప్పలు వడికి ఆగలేదు. చివరికి కాటన్‌వుడ్ మానులు తొలిచి, రెండు పడవల్ని జోడించారు. అప్పుడు గట్టెక్కారు.

వెనకే పడమటి తీరాన ఆరెగాన్‌కి వలస వెళ్లేవాళ్ల బళ్లు వస్తున్నాయి. యంగ్ తొమ్మిది మందిని రేవు దగ్గర వదిలి ముందుకి సాగాడు. వాళ్లని దాటించినందుకు ఆ తొమ్మిది మందీ తీసుకున్నది బండికి డాలరున్నర, అదీ పిండి, సరుకుల రూపంలో, బళ్లు బయల్దేరిన మిజోరీలోని ధరల లెక్కన. నగదైతే మూడు డాలర్లు. ఎందుకో ఆలోచించండి: ఆ దారిలో డబ్బు తినలేరు కదా! వెనక వస్తున్న తమవాళ్ల కడుపు నింపేది ఆ పిండే.

"రేవు వేలం పాట ఎవరు పాడుకున్నారు?" అని నాన్నగారు అడిగారు. పాట లేదు నాన్నా, కట్టినవాడిదే రేవు అన్నాను. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకి జనం ఎగబడ్డాక ఈ దాటింపుకి ఇంకా గిరాకీ పెరిగింది. 1853కి జాన్ రిచర్డ్ దిగువన వంతెన వేసేసరికి పడవల పని తగ్గిపోయింది. తర్వాత లూయీ గినార్డ్ వేసిన వంతెనలో కొంత భాగం కూడా ఇక్కడ తిరిగి కట్టి ఉంచారు, రాళ్లు నింపిన దుంగల దిమ్మెల మీద.

వేసవిలోనే వెళ్లండి, చలికాలంలో కోట గదులు తెరవరు. గాలి విపరీతం, టోపీ నిలవదు. లోపల హాలు చూడ్డానికి గంట చాలు, మిగతా సమయం బయట గడపండి.

చివర్లో నది ఒడ్డుకి నడిచాం. నీళ్లు నిదానంగా పోతున్నాయి. "దీనికి పంటెందుకే?" అన్నారు నాన్నగారు. ఎగువన 1909లో పాత్‌ఫైండర్ డ్యాం కట్టారని, అంతకుముందు జూన్‌లో ఈ ఏరు ఇలా ఉండేది కాదని చెప్పాను. ఆయన కాసేపు అవతలి గట్టు వైపే చూసి, మళ్లీ వెనక్కి ఆ బల్లకట్టు దగ్గరికే నడిచారు.