నా ఆకాశం రాతలకు ఇల్లు వెతికాను: ఉచిత బ్లాగు వేదికల సమీక్ష

రాత్రిపూట ఆకాశం చూడటం, చూసింది రాసి పెట్టుకోవడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. చిన్న టెలిస్కోపులో గురుగ్రహం పక్కన కనిపించే నాలుగు పెద్ద ఉపగ్రహాలను పెన్సిల్‌తో చుక్కలుగా గీసి, తేదీ, సమయం వేసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి, కింద నాలుగు మాటలు రాసి బ్లాగులో పెడతాను. నా మొదటి బ్లాగు ఉన్న ఉచిత సేవ మూతపడింది. గడువులోగా రాతలు దింపుకోమని వాళ్లు పంపిన మెయిలు నేను వాడటం మానేసిన పాత చిరునామాకు వెళ్లింది. కాగితాలు నా దగ్గరే ఉండటంతో బొమ్మలు దక్కాయి. వ్యాఖ్యలు మాత్రం పోయాయి. ఒక రాత్రి నేను గానిమీడ్ అని రాసిన చుక్క నిజానికి కలిస్టో అని ఒక పాఠకుడు గంటల లెక్కతో సహా ఎంతో ఓపికగా వివరించాడు. ఆ వివరణ నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈసారి కొత్త చోటు వెతికినప్పుడు అందచందాల కన్నా ముందు పెరటి తలుపు చూశాను. రేపు వెళ్లిపోవాల్సి వస్తే రాతలు, బొమ్మలు, వ్యాఖ్యలు మూటగట్టుకుని వెళ్లగలనా? ఒకే టపాను (బ్లాగులో పెట్టే రాతను), మూడు బొమ్మలతో సహా, బ్లాగర్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, మీడియం, సబ్‌స్టాక్ అనే నాలుగు చోట్ల పెట్టి కొన్ని వారాలు గమనించాను.

బ్లాగర్ వీటన్నిటిలో వయసులో పెద్దది. పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 1999లో మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. పాతకాలపు ఇల్లులాగే కనిపిస్తుంది, కొత్త హంగులు అరుదు. అయినా ఉచితంగా ఇచ్చేదాంట్లో దీనికి సాటి లేదు. మనం పెట్టుకుంటే తప్ప ప్రకటనలు రావు. సొంత డొమైన్ (మన పేరిట వెబ్ చిరునామా) కొనుక్కుంటే దాన్ని కలపడానికి బ్లాగర్ పైసా తీసుకోదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, పేజీ రూపాన్ని నిర్ణయించే టెంప్లేటు మొత్తం మన చేతికి ఇస్తుంది.

ఆ మాట తెలుగులో రాసేవాళ్లకు ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను. చాలా థీములు, అంటే పేజీకి ముందే చేసిపెట్టిన రూపాలు, ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వరుసల మధ్య ఎడం వాటికి సరిపోతుంది, మనకు చాలదు. ‘స్త్రీ’ అని రాస్తే కింద వేలాడే రెండు ఒత్తులు దిగువ వరుసలోని గుడిదీర్ఘాన్ని వెళ్లి తాకుతాయి. పేజీ అంతా చిక్కుపడ్డ నూలులా కనిపిస్తుంది, పాఠకుడి కన్ను అలిసిపోతుంది. బ్లాగర్‌లో టెంప్లేటు తెరిచి, లైన్-హైట్ విలువను 1.4 నుంచి 1.9కి మార్చి, మల్లన్న ఫాంటు కలిపాను. పది నిమిషాల పని. అదే టపా ఊపిరి పీల్చుకున్నట్టయింది.

బ్లాగర్‌తో ఒక చిక్కు ఉంది, ముందే తెలిస్తే తప్పించుకోవచ్చు. శీర్షిక తెలుగులో ఉంటే అది టపా చిరునామాలోకి రాదు. ‘బ్లాగ్-పోస్ట్’ అనే మాట, పక్కన ఒక అంకె పడతాయి. చిరునామా చూసి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ప్రచురించక ముందే పర్మాలింక్ (టపా చిరునామా) పెట్టె తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో మనమే ఒక పేరు ఇవ్వాలి. ప్రచురించాక మార్చాలంటే టపాను మళ్లీ చిత్తుప్రతిగా వెనక్కి తీసుకోవాలి. ఇంకో లోటు, పాత ప్రతులు దాచదు. రాసింది చెరిపి సేవ్ చేస్తే చెరిపిందే మిగులుతుంది. పాఠకులకు మెయిలు పంపే ఏర్పాటు కూడా ఇప్పుడు లేదు. ఒకప్పుడు గూగుల్ వారి ఫీడ్‌బర్నర్ అనే సేవ ఆ పని చేసేది, 2021లో ఆ మెయిలు సేవ ఆగిపోయింది.

వర్డ్‌ప్రెస్ గురించి చెప్పేముందు ఒక గందరగోళం తీర్చాలి. వర్డ్‌ప్రెస్ అనేది 2003లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని మన సొంత సర్వరులో పెట్టుకోవచ్చు, సర్వరు ఖర్చు మనదే. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ సంస్థ నడిపే సేవ. ఉచిత బ్లాగు దొరికేది ఈ రెండో చోట. ప్లగిన్లు (అదనపు హంగులు చేర్చే చిన్న ప్రోగ్రాములు), సొంత డొమైన్ అని ఊరించే సలహాలన్నీ చదివి ఇక్కడ ఉచిత ఖాతా తెరిస్తే నిరాశ తప్పదు. ఆ రెండూ డబ్బు కట్టినవాళ్లకే. ఉచిత బ్లాగులో వాళ్ల ప్రకటనలు వస్తాయి. నిల్వ 1 జీబీ. స్కాన్ చేసిన నా కాగితం ఒక్కొక్కటి 3 ఎంబీ, అలాగే ఎక్కిస్తే 300కు పైగా పడతాయి. ముందే కుదించి 300 కేబీకి తెస్తే ఇక ఆ చింత లేదు.

రాసే అనుభవంలో మాత్రం ఇది బ్లాగర్ కన్నా చాలా ముందుంది. సవరించినప్పుడు పాత ప్రతులు దాస్తుంది. ఒక సాయంత్రం గురుగ్రహ ఉపగ్రహం యూరోపా గురించి రాసిన పేరా పొరపాటున చెరిపేసి, మర్నాడు పాత ప్రతిలోంచి తిరిగి తెచ్చుకున్నాను. వ్యాఖ్యల కింద జవాబులు చక్కగా అమరుతాయి. చిరునామాలో తెలుగు అక్షరాలను అలాగే ఉంచుతుంది. వినడానికి బాగుంది కానీ, ఆ లంకెను వేరేచోట అతికిస్తే చాలాసార్లు శాతం గుర్తులతో బారెడు తోకగా మారుతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు. లంకెలో ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది, అంటే ఒక్క ‘క’కు తొమ్మిది గుర్తులు! ఇక్కడ కూడా చిన్న ఇంగ్లిష్ పేరు ఇచ్చుకోవడమే నయం.

మీడియం 2012లో వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన ఇవాన్ విలియమ్స్, బ్లాగర్ స్థాపకుల్లో ఒకరు. రాసే పుట ఎంతో ప్రశాంతంగా ఉంటుంది, కొత్త పాఠకుల కంట పడే అవకాశమూ ఎక్కువ. కానీ థీమ్ లేదు, వరుసల ఎడం మార్చలేం, తెలుగు ఫాంటు ఎంచుకోలేం. అందరి ఇళ్లూ ఒకే రంగులో ఉండే వీధి అది. సొంత చోట ప్రచురించిన టపాను దాని దిగుమతి పరికరంతో తెచ్చి పెడితే, అసలు ప్రతి ఎక్కడుందో శోధన యంత్రాలకు తెలియజేస్తుంది. ఆ పనికి దాన్ని నిస్సంకోచంగా వాడమంటాను. రెండో ఇల్లుగా సరే, మొదటి ఇల్లుగా వద్దు.

సబ్‌స్టాక్ 2017లో వచ్చింది. రాసింది నేరుగా పాఠకుడి మెయిలు పెట్టెకు వెళుతుంది. ఉచితంగా రాసినంత కాలం ఖర్చు లేదు, చందా పెడితే అందులో 10 శాతం వాళ్లది. చందాదారుల చిరునామాల జాబితాను ఎప్పుడైనా దింపుకోవచ్చు, అది నా దృష్టిలో పెద్ద విషయం. ఒక్కటి గుర్తుంచుకోవాలి. 102 కేబీ దాటిన మెయిలును జీమెయిల్ మధ్యలో కత్తిరించి, మిగతాది చూడటానికి ఒక లంకె ఇస్తుంది. ఇందాకటి మూడు బైట్ల లెక్క ఇక్కడా వర్తిస్తుంది కనుక పొడవైన తెలుగు వ్యాసం అంతే పొడవున్న ఇంగ్లిష్ వ్యాసం కన్నా చాలా ముందుగా ఆ గీత తాకుతుంది.

టంబ్లర్ బొమ్మలకూ చిన్న చిన్న ముక్కలకూ బాగుంటుంది, పొడవైన రాతలకు నాకు నప్పలేదు. మన ఫైళ్లను వెబ్ పేజీలుగా చూపే గిట్‌హబ్ పేజెస్, ఫైళ్లతో పనిచేయడం తెలిసినవాళ్లకు అద్భుతం. సొంత డొమైన్ కూడా ఉచితంగా కలపవచ్చు, రాతలన్నీ మామూలు ఫైళ్లుగా మన దగ్గరే ఉంటాయి. వ్యాఖ్యల ఏర్పాటు లేదు, నాకు అది లేకపోతే కుదరదు.

ఇక పెరటి తలుపు. నేను చూసిన నాలుగూ రాతలను దింపుకోనిస్తాయి. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఇచ్చే టపాల ఫైలులో వ్యాఖ్యలు కూడా ఉంటాయి. కానీ ఆ ఫైలులో బొమ్మ ఉండాల్సిన చోట దాని చిరునామా మాత్రమే ఉంటుంది. నమ్మకం కుదరక ఎవరికీ కనిపించని కొత్త బ్లాగు తెరిచి అందులోకి నా ఫైలును ఎక్కించి చూశాను. తేదీలతో సహా అన్నీ వచ్చాయి, బొమ్మలూ కనిపించాయి. అవి పాత బ్లాగు నుంచే వస్తున్నాయని లంకె చూస్తేనే తెలిసింది. పాతది తీసేస్తే ఖాళీ పెట్టెలే మిగలవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో బొమ్మలను విడిగా దింపుకునే సదుపాయం ఉంది, దాన్ని వదలవద్దు.

అన్నీ చూశాక బ్లాగర్‌లో, సొంత డొమైన్ మీద స్థిరపడ్డాను. ఏటా డొమైన్‌కు కట్టేది తప్ప వేరే ఖర్చు లేదు. రేపు ఇల్లు మారినా చిరునామా నాతోనే వస్తుంది. టెంప్లేటు జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు, రాసింది పదిసార్లు దిద్దుకునేవాళ్లకు వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ చెబుతాను. ప్రకటనలు భరించగలిగితే అది హాయిగా ఉంటుంది.

ప్రతి నెలా మొదటి ఆదివారం టపాల ఫైలు దింపి, స్కాన్లున్న ఫోల్డరు పక్కన పెడుతున్నాను. ఈ నెల ఫైలును తెరిచి ‘కలిస్టో’ అని వెతికాను. 11 చోట్ల దొరికింది, అందులో నాలుగు పాఠకుల వ్యాఖ్యల్లోవి.