నౌబత్ పహాడ్ మీద ఆరేళ్లు: పిల్లలతో బిర్లా సైన్స్ సెంటర్

మా పెద్దదానికి నాలుగేళ్లప్పుడు, 2019లో, దాన్ని తీసుకుని మొదటిసారి హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్ ఉన్న కొండ, నౌబత్ పహాడ్ ఎక్కాం. కరోనా మింగేసిన రెండేళ్లు తీసేస్తే ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్తూనే ఉన్నాం. ఇప్పుడు దానికి పదేళ్లు, చిన్నోడికి ఆరు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు "చిన్నపిల్లలకి అక్కడ బాగుంటుందా?" అని అడుగుతూనే ఉంటారు. బాగుంటుంది. కాకపోతే ఒక్క పూటలో అంతా చూపించెయ్యాలని మాత్రం వెళ్లకండి.

మొదటిసారి మేం చేసింది అదే. ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం, డైనోసారియం, ఆర్ట్ గ్యాలరీ, అన్నీ వరసగా తిప్పేశాం. సాయంత్రానికి పాప వాళ్ల నాన్న భుజం మీద నిద్రపోయింది. మర్నాడు అడిగితే దానికి ఏదీ సరిగ్గా గుర్తులేదు. అప్పట్నుంచి మాకో పద్ధతి కుదిరింది: ఒకసారికి ఒకటే. ఇవాళ ఎముకలు, వచ్చేసారి చుక్కలు.

ప్లానెటేరియం నాకు కొత్త కాదు. 1985 సెప్టెంబరు 8న ఎన్టీఆర్ ప్రారంభించారు దాన్ని. తర్వాత మా బడివాళ్లు బస్సులో తీసుకెళ్లారు. గోపురం కింద వెనక్కి వాలి కూర్చుంటే ఆకాశం మెల్లగా నల్లబడటం నాకిప్పటికీ గుర్తే. అందుకే చిన్నోడికి మూడేళ్లు నిండగానే ఆశగా తీసుకెళ్లాను. లైట్లు తగ్గడం మొదలవగానే వాడు నా మెడ పట్టేసుకుని "అమ్మా, లైటెయ్యమను, లైటెయ్యమను" అని ఒకటే ఏడుపు. బయటికొచ్చేశాం. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో రాత్రిపూట లైట్లార్పి, జల్లెడ కింద టార్చి పెట్టి, సీలింగు మీద చుక్కలు వేసి చూపించాను. రెండో ప్రయత్నంలో కూడా వాడు నా చెయ్యి వదల్లేదు, కానీ కళ్లు మాత్రం పైకే ఉన్నాయి. చిన్నపిల్లలుంటే తెలుగు షో ఏ వేళకో ముందే కనుక్కోండి. అర్థమయ్యే మాట చెవిలో పడుతుంటే చీకటి భయం సగం తగ్గుతుంది. దారికి దగ్గరగా కూర్చోండి.

సైన్స్ మ్యూజియం 1990 నాటిది. ముట్టుకోవద్దు అనే మాట పిల్లలకి ఇక్కడ తక్కువగా వినిపిస్తుంది, అదే దీని బలం. మావాడికి వంపు అద్దాలంటే ప్రాణం. లోపలికి వంగిన అద్దానికి దగ్గరగా నిలబడితే మొహం పెద్దగా, నిటారుగా కనిపిస్తుంది. అడుగులో అడుగేస్తూ వెనక్కొస్తే ఒక చోట అంతా అలుక్కుపోయి, ఆ తర్వాత బొమ్మ తలకిందులైపోతుంది. మావాడు ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచాడో! ఆ రాత్రి అన్నం తింటూ చెంచా ఎత్తి, లోపలివైపు చూసి, తిప్పి వెనకవైపు చూసి, "ఇటు తలకిందులు, అటు కాదు" అన్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. అంతకుముందు ఒక మాల్‌లో పిల్లల ఆటల హాలుకి ఇంతకు ఎన్నో రెట్లు డబ్బు పెట్టి తీసుకెళ్లాను. అక్కడ ఏ మీట నొక్కినా చప్పుడొస్తుంది, అంతే. ఇంటికొచ్చాక దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇక డైనోసారియం. 2000లో మొదలైంది. నన్నడిగితే ఈ ఒక్కదాని కోసమైనా కొండ ఎక్కొచ్చు. అక్కడ నిలబెట్టిన పెద్ద డైనోసార్ అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఎక్కడో అమెరికాది కాదు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూవిజ్ఞాన సర్వే వాళ్లు తవ్వి తీసింది. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. మేం రెండేళ్ల కిందట మా అత్తమ్మని కూడా తీసుకెళ్లాం. ఆమెది చెన్నూరు. పెద్దది బోర్డు చదివి వినిపించగానే ఆమె ఆగిపోయి, "అగో, యామన్‌పల్లా! అది మా దిక్కే గదా బిడ్డా. గీ బొక్కలు మా దగ్గర దొరికినయా?" అంది. తర్వాత చాలాసేపు కదల్లేదు. మనవరాలు తల నుంచి తోక దాకా అడుగులు లెక్కపెడుతుంటే ఆమె కూడా వెనకాలే నడిచింది. ముప్పై దాటాక ఇద్దరికీ లెక్క తప్పింది.

ఆ రోజు మేం నేర్చుకున్న సంగతి ఒకటి మీ పిల్లలకి కూడా చెప్పండి. యామన్‌పల్లిలో దొరికిన 840 ఎముకలూ ముక్కలూ ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. అన్నిట్లోంచీ కూర్చితే ఈ ఒక్కటి నిలబడింది. తల మాత్రం దొరకనే లేదు, రెండు పళ్లు దొరికాయి. అంటే మనం పైకి చూసే ఆ తల, దాని చుట్టాలైన వేరే డైనోసార్లను బట్టి ఊహించుకున్నది. ఇది విన్నాక పెద్దది పుస్తకంలో బొమ్మ గీస్తూ తల దగ్గర గీతలు చుక్కలు చుక్కలుగా వేసింది. "ఇది తెలీదు కదమ్మా, అందుకే" అంది. అందుకే ప్రతిసారీ ఒక తెల్లకాగితాల పుస్తకం, పెన్సిలు సంచిలో ఉంటాయి. పిల్లలు గీయడానికి కూర్చుంటేనే నిజంగా చూస్తారు.

2019లోనే ఇస్రో సహకారంతో అంతరిక్ష మ్యూజియం కూడా తెరిచారు. రాకెట్ల నమూనాలున్నాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం టీవీలో చూసి, ఆ ఆదివారమే వెళ్లాం. ఐదేళ్లలోపు పిల్లలకి ఇది కొంచెం బరువే.

ఆర్ట్ గ్యాలరీలో మావాళ్లు పది నిమిషాల కంటే నిలవరు. కళ కోసమైతే నేను సాలార్‌జంగ్‌కే తీసుకెళ్తాను. అక్కడి ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర చిన్నోడు "ఆ బట్ట తడిసిందా అమ్మా?" అని అడిగాడు. పాలరాయి అంటే నమ్మలేదు. మధ్యాహ్నం పన్నెండుకి ముందే గడియారం దగ్గర చోటు చూసుకోండి, గడ్డం బొమ్మ పన్నెండు గంటలు కొట్టి లోపలికి పోయేదాకా పిల్లలు రెప్ప వెయ్యరు. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు.

నౌబత్ పహాడ్‌కి మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కుతాం. కొండ కాబట్టి ఎక్కుడు ఉంటుంది. చంటిపిల్లల బండి ఇంట్లోనే వదిలేయండి. ఎత్తుకోవాల్సిన పిల్లలుంటే పెద్దవాళ్లు ఇద్దరుండాలి. ఎండాకాలం పొద్దున్నే వెళ్లాలి.

పోయిన ఎండాకాలం చెన్నూరులో మా ఆడబిడ్డ పెళ్లయింది. పట్టపగలు పంతులుగారు అరుంధతిని చూపిస్తుంటే పెద్దది "ఎక్కడ? కనపడదే!" అంది. రాత్రి మిద్దె మీద పక్కలేసుకున్నాక అదే వెతికింది. సప్తర్షుల తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా అరుంధతి. తర్వాత ముందున్న రెండు చుక్కల్ని కలిపి గీత సాగదీసి ధ్రువుణ్ణి పట్టుకుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలనీ, మన దగ్గర ధ్రువుడు నేల అంచు నుంచి దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తునే ఉంటాడనీ దానికి ప్లానెటేరియం పిచ్చి పట్టాక తెలిసింది. "చూడు నానమ్మా, ఒకటి, రెండు" అంటూ కొలిచింది. అత్తమ్మ లేచి కూర్చుని తను కూడా చెయ్యి చాచి పిడికిలి పట్టింది.