కర్నూలులో ఒక శాఖా గ్రంథాలయం: పన్నెండేళ్ల వాడుక తరువాత

కర్నూలు నగరంలోని ఒక ప్రభుత్వ శాఖా గ్రంథాలయానికి నేను పన్నెండేళ్లుగా వెళ్తున్నాను. కొన్ని లోపాలు కూడా రాయవలసి ఉన్నందున దాని పేరు, వీధి చెప్పడం లేదు. శుక్రవారం సెలవు, మిగిలిన రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకు, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరుస్తారు. పుస్తకాల సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత తెలుగు నవలలు, వ్యాస సంపుటాలు మంచివే ఉన్నాయి. కొత్తవి ఆలస్యంగా చేరతాయి. పోటీ పరీక్షల పుస్తకాలలో కావలసిన పుటలను ఎవరో ముందే చింపుకుపోయి ఉంటారు. దినపత్రికలు మాత్రం ఎనిమిదిన్నర లోపే బల్ల మీదికి వస్తాయి. ఇక ఈ సమీక్షలో మిగిలినదంతా పఠన మందిరంలోని ఇరవై నాలుగు కుర్చీల గురించే.

ఆ కుర్చీలకు మూడు రకాల వారు వస్తారు. నాలాగా ఉద్యోగ విరమణ చేసినవారు పత్రికల కోసం, డీఎస్సీకో గ్రూపు పరీక్షలకో కానిస్టేబుల్ ఉద్యోగాలకో సిద్ధమయ్యే పిల్లలు నిశ్శబ్దం కోసం, రాత్రి బస్టాండులోనో పెద్దాసుపత్రి గోడ పక్కనో పడుకొని తెల్లవారగానే అక్కడి నుంచి కదలవలసినవారు ఫ్యాను కోసం, మంచినీళ్ల కోసం. ఈ మూడో రకం వారందరినీ బిచ్చగాళ్లనడం మాకు అలవాటైపోయింది గానీ, పక్కన కూర్చుని మాట కలిపితే ఆ పేరు చాలామందికి అతకదు. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొడుకులు, కోడళ్లు మిరపకోతల సుగ్గికి గుంటూరు వైపు వెళ్లిపోగా, ఇంట్లో పొయ్యి వెలిగించేవారు లేక ఇక్కడికి చేరాడు. ఇంకొకామె భర్తను ఆసుపత్రిలో చేర్చడానికి వచ్చి, ఆయన పోయిన తరువాత కూడా ఊరికి వెళ్లలేదు. ఎందుకని నేను అడగలేదు. మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటే ఈ ఊరిలో, రూపాయి అడగకుండా కూర్చోనిచ్చే నీడపట్టు ఇంకొకటి చూపించమంటే నా దగ్గర జవాబు లేదు.

గొడవ ఐదేళ్ల కిందట వేసవిలో ముదిరింది. పరీక్షల పిల్లలు ఎనిమిది కొట్టగానే వచ్చి, ఫ్యాను కింది కుర్చీలలో సంచులు పెట్టి, టీ తాగడానికి వెళ్లేవారు. ఒక ఉదయం ఆదోని పెద్దాయన అలాంటి సంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నాడు. టీ తాగి వచ్చిన కుర్రవాడు "ఏమప్పా, లెయ్, ఇది నా జాగా" అన్నాడు. పెద్దాయన లేవలేదు, "సంచి సదువుతాదా నాయినా?" అని మాత్రం అడిగాడు. గదంతా నవ్వింది, ఆ నవ్వే కుర్రవాడికి ఎక్కువ మంట పుట్టించింది. వారం తిరగకముందే అర్జీ తయారైంది. వాసన, గురక, మరుగుదొడ్డి పాడుచేయడం, ఆడపిల్లలకు ఇబ్బంది అని అందులో నాలుగు ఆరోపణలు ఉన్నాయి. మొదటి మూడింటిలో నిజముంది. నాలుగోది, ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పకుండా, బరువు కోసం చేర్చినది. తమను ఒక్క మాటైనా అడగకుండానే తమ పేరిట రాశారని అక్కడ చదువుకునే ఒక అమ్మాయి తరువాత నాతో అంది. అర్జీ మీద పదిహేడు సంతకాలు పడ్డాయి. ఆరోది నాది.

ఫలితంగా "పఠన మందిరంలో నిద్రించరాదు" అనే కాగితం గోడకెక్కింది. అమలు మొదలైన మూడో రోజున అటెండరు తట్టి లేపినది, రాత్రంతా ఏటీఎం దగ్గర కాపలా కాసి వచ్చి గ్రూప్-2 పుస్తకం మీద తల వాల్చిన యువకుణ్ణి. సంపాదకీయం చదువుతూ కునుకు తీసే మా విశ్రాంత బృందం కూడా దోషులమేనని ఆ వారంలోనే తేలింది. అటుపైన ఎవరిని లేపాలో చొక్కాను బట్టి నిర్ణయించడం తప్ప ఆయనకు వేరే దారి మిగలలేదు. ఇలాంటి వివాదమే అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్‌లో గ్రంథాలయం తనను బయటికి పంపుతోందని ఇల్లు లేని ఒక వ్యక్తి వేసిన దావాలో, 1992లో అప్పీలు కోర్టు తీర్పు చెబుతూ, ప్రభుత్వ గ్రంథాలయంలో సమాచారం పొందే హక్కు పౌరుడికి ఉందని ఒప్పుకుంది, చదువుకు భంగం కలగకుండా ప్రవర్తనకూ శుభ్రతకూ నియమాలు పెట్టుకునే అధికారం గ్రంథాలయానికీ ఉందని అంది. మా గోడ మీది కాగితానికి ఆ తీర్పులో రెండో సగం మాత్రమే తెలుసు.

"ఇంటి పన్ను కట్టేది మేము, పండుకునేది వాళ్లా?" అనే మాట ఆ రోజుల్లో తరచుగా వినిపించేది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరుతుంది కాబట్టి, పైకి ఈ వాదనకు బలం ఉన్నట్టే ఉంటుంది. అయితే అర్జీ పెట్టిన పిల్లలలో ఎక్కువమంది అద్దె గదులవారే, వారిని ఎవరూ పన్ను రసీదు అడగలేదు. పైగా ఇల్లు లేనివారికి ఇక్కడ దక్కేది సగమే: పుస్తకం బయటికి తీసుకెళ్లాలంటే సభ్యత్వం ఉండాలి, దానికి ధరావతుతో పాటు చిరునామా రుజువు కావాలి. గుమ్మం దగ్గరి రిజిస్టరులో సంతకం మాత్రం అందరిచేతా పెట్టిస్తారు, నెలాఖరున పాఠకుల సంఖ్య దాని నుంచే పైకి వెళ్తుంది. వాళ్లను లోపలికి రానివ్వవద్దని మేము అర్జీ ఇచ్చిన నెలలో కూడా వాళ్ల సంతకాలు ఆ లెక్కలో ఉన్నాయి.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో, గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో ఈ కర్నూలులోనే పుట్టారనీ, గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ఎంతో కృషి చేశారనీ వక్తలు గుర్తుచేస్తారు. ఆ ఏడూ చేశారు. అతిథుల కోసం ఉదయమే గది ఖాళీ చేయించడంతో పెద్దాయన, మరో నలుగురు ఆ ఉపన్యాసాన్ని ఆవరణలోని కానుగ చెట్టు కింద నిలబడి మైకులో విన్నారు. బూందీ పొట్లాలు వాళ్లకూ అందాయి.

వాసన సంగతి మెత్తగా రాయలేను. మూసిన కిటికీల గదిలో, జూన్ ఉక్కపోతలో, అది నిజంగా భరించరానిది. కానీ ఒకటే జత బట్టలున్న మనిషి వాటిని ఉతికి ఆరేసేంతసేపు ఏం కట్టుకోవాలన్న ప్రశ్న, అటెండరు నన్ను అడిగేదాకా నాకు తట్టలేదు. ఆయన పెరట్లో మూలపడిన కుళాయి బాగుచేయించి, సబ్బు పెట్టి, ఏడున్నరకే పక్క గేటు తీయడం మొదలుపెట్టాడు. సంతకాలు చేసిన మా ఇళ్లకే వచ్చి పాత లుంగీలు, చొక్కాలు, చీరలు పట్టుకెళ్లాడు. మరుగుదొడ్డి తాళంచెవి ఆదోని పెద్దాయనకు అప్పగించాడు, కడిగించే బాధ్యతతో సహా. శాన్‌ఫ్రాన్సిస్కో గ్రంథాలయం ఇటువంటి పనులకు 2009లో ఒక సామాజిక కార్యకర్తను ఉద్యోగంలోకి తీసుకుంది. మా దగ్గర జీతం పెరగకుండా అటెండరే చేశాడు, ఏడాది కిందట ఆయనకు బదిలీ అయింది. కుళాయి పిడి మళ్లీ ఊడింది.

నగరాలలో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో రాష్ట్రాలను ఆదేశించింది. 2011 జనగణన నాటికే కర్నూలు జనాభా నాలుగు లక్షలు దాటింది కాబట్టి కనీసం నాలుగు ఉండాలి. నగరం చేయవలసిన ఆ పని ఇరవై నాలుగు కుర్చీల మీద పడడం నాకూ అన్యాయంగానే తోస్తుంది. అంతకంటే చిరాకు పుట్టించేది పనివేళలు. ఎండ ముదిరే పదకొండుకు తాళం వేసి, దిగుతున్న నాలుగుకు తీస్తే, మే నెలలో ఇల్లున్నవారు ఇళ్లకు వెళ్తారు, మిగిలినవారు కానుగ చెట్టు కిందికి వెళ్తారు, అక్కడి నుంచి ఎదురు దుకాణాలవారితో రెండో గొడవ మొదలవుతుంది. వేసవి మూడు నెలలైనా మధ్యాహ్నం తెరిచి ఉంచమని ఈసారి నేనే అర్జీ రాశాను. పదకొండు సంతకాలు దొరికాయి, సంచి కుర్రవాడిది కూడా. అతనికి ఇంకా ఉద్యోగం రాలేదు.

కొత్తగా వెళ్లదలచినవారికి: గురువారం సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. నీళ్ల సీసా వెంట తీసుకెళ్లండి. కిటికీ పక్క కుర్చీకి ఒక కాలు పొట్టి. ఫ్యాను కింద సంచి పెట్టి టీకి మాత్రం వెళ్లకండి, పెద్దాయన ఇప్పటికీ వస్తున్నాడు.