టూర్‌లో పాత పాటల రికార్డుల వేట: షాపా, సంతా?
ఫ్యామిలీతో టూర్‌కెళ్తే రికార్డులకి దొరికేది మహా అయితే ఒక గంట, అందుకే నా ఓటు సెకండ్ హ్యాండ్ రికార్డుల షాపుకే, రేటు కాస్త ఎక్కువైనా ఎల్పీలు (ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డులు) వరసగా సర్ది ఉంటాయి, అడిగితే చాలాచోట్ల ప్లేయర్ మీద పెట్టి వినిపిస్తారు కూడా. పాత సామాన్ల సంతలో చవకే, కానీ అట్ట ఒకటి లోపల రికార్డు ఇంకోటి ఉంటుంది, కాబట్టి బయటికి తీసి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి, సన్నటి గీతలు పర్లేదు గానీ గోరుకి తగిలే గీత ఉంటే సూది అక్కడికి రాగానే టక్ టక్‌మంటుంది. 78 ఆర్పీఎంవి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు, చాలావరకు లక్కతో చేసినవి, సూట్‌కేసులో పుటుక్కున విరుగుతాయి, వదిలేయండి. పిల్లలకి మాత్రం సంతే ఇష్టం, రంగురంగుల అట్టలు వెతకమంటే అస్సలు విసుక్కోరు. ఎక్కడ కొన్నా ఎండలో కారులో వదలొద్దు, వంగిపోతాయ్.