ఓఆర్‌ఎస్ ప్యాకెట్: విరేచనాలు ఆపదు, అయినా ఐదుకు నాలుగున్నర

ఈ ప్యాకెట్‌కు ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లందరిదీ దాదాపు ఒకే మాట: "రోజంతా తాగించాం, విరేచనాలు ఆగలేదు." నిజమే, ఆగవు. ఆపడం దీని పని కాదు. ఒంట్లోంచి పోతున్న నీటినీ లవణాలనూ పోయినంత మేరకు తిరిగి లోపలికి చేర్చడం దీని పని. ఆ పనిలో దీనికి సాటివచ్చేది ఇంకొకటి నాకు తెలియదు. అంటువ్యాధుల వార్డులో నర్సుగా ఉద్యోగమంతా గడిపినదాన్ని కనుక దీన్ని మెచ్చుకోవడానికీ తిట్టడానికీ రెండింటికీ నా దగ్గర సరుకుంది.

నేను మాట్లాడుతున్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి సిఫారసు చేసిన కొలతల ప్రకారం తయారయ్యే పొడి గురించి. లీటరు నీటిలో కలుపుకునేది. ఏ కంపెనీది అన్నది నాకు అనవసరం, ఇందులో ఎవరి రహస్యమూ లేదు. వెనకవైపు అంతా అచ్చువేసే ఉంటుంది: గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు.

గ్లూకోజు ఉంది కదా, నీరసానికి బలం ఇస్తుందని చాలామంది అనుకుంటారు. ఇందులో ఉన్న చక్కెరతో వచ్చే బలం ఏపాటిదో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. దాని అసలు ఉద్యోగం వేరు. చిన్నపేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జతగా లోపలికి మోసుకుపోయే ఒక ప్రోటీన్ ఉంటుంది. గ్లూకోజు లేకపోతే ఆ దారిన సోడియం కదలదు. రెండూ వెళితే వాటి వెనకే నీరు వెళుతుంది. ఈ జత ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రతిపాదించారు. అంతకు ఏడాది ముందు కలకత్తాలో శంభునాథ్ డే అనే పరిశోధకుడు కుందేళ్ల పేగుల మీద ప్రయోగాలు చేసి, కలరా క్రిమి ఒక విషాన్ని బయటికి వదులుతుందని, చేటంతా దానివల్లేనని చూపించారు. ఆ విషం పేగు కణాల నుంచి క్లోరైడును, దానితో పాటు నీటిని బయటికి తోడేస్తుంది. కానీ సోడియం, గ్లూకోజు జతగా వెళ్లే దారిని మాత్రం ముట్టుకోదు. ముందు గుమ్మం నుంచి దొంగలు సామాను మోసుకుపోతుంటే పెరటి తలుపు నుంచి మనం సరుకు లోపలికి చేరవేస్తున్నట్టు. అందుకే ఒక పక్క విరేచనాలు అవుతూనే ఉంటాయి, ఇంకో పక్క మనిషి తేరుకుంటూ ఉంటాడు. దీన్ని కళ్లారా చూడనివాళ్లు నమ్మరు.

కాబట్టి దీనికి మార్కులు వేసేటప్పుడు ఎన్నిసార్లు విరేచనం అయిందని లెక్కపెట్టకండి. మూత్రం వచ్చిందా, నాలుక తడిగా ఉందా, పిల్లవాడు ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా, పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే వెనక్కి వెళుతోందా, ఇవి చూడండి. మా వార్డులో కలరా మంచాలు ఉండేవి. నడుము భాగంలో రంధ్రం, కింద బకెట్. బకెట్‌లో బియ్యం కడుగులాంటి నీళ్లు ఎంత పడితే అంత కొలిచి, అంతా తిరిగి తాగించాలి. జబ్బు ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు. ఆ లెక్క తెలిస్తే "రెండు గ్లాసులు తాగించాం, చాలదా" అని ఎవరూ అడగరు.

వార్డులో నాకు ఓపిక నశించేది ఎక్కడంటే సెలైన్ సీసా దగ్గర. సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు, తాగేదంతా కాలక్షేపమని బంధువులు అనుకుంటారు. చదువుకున్నవాళ్లు మరీను. వాళ్లందరికీ 1971 నాటి సంగతి చెప్పాలనిపించేది. బంగ్లాదేశ్ యుద్ధం వేళ సరిహద్దుకు ఇవతల బొంగావ్‌లో శరణార్థులు కిక్కిరిసి ఉన్నారు. కలరా విరుచుకుపడింది. సెలైన్ అడుగంటింది. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, డ్రమ్ముల్లో పోయించి, రోగుల చుట్టాల చేతికే కప్పులిచ్చి తాగించమన్నారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు ఈ పద్ధతితో నాలుగు లోపుకు దిగాయి. ఏ కంపెనీ అయినా తన సరుకును ఇంతకన్నా కఠినమైన చోట పరీక్షించిందా? ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ పని గాలిలోంచి ఊడిపడలేదు. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ ఈ ద్రవాన్ని నోటితో తాగిస్తే సెలైన్ అవసరం ఐదింట నాలుగు వంతులు తగ్గుతుందని చూపించారు. అంతకన్నా చాలా ముందే, 1953లో, కలకత్తాకు చెందిన హేమేంద్రనాథ్ చటర్జీ 186 మంది రోగులకు ఇలాంటిదే తాగించి నయం చేశానని ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పదిహేనేళ్లు పోయాయి. ఆ పదిహేనేళ్ల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇక లోపాలకు వద్దాం. అన్నిటికన్నా పెద్ద లోపం ఆ లీటరు. ప్యాకెట్ మీద "లీటరు నీటిలో కలపాలి" అని ఉంటుంది, ఇంట్లో లీటరు కొలిచే పాత్ర ఉండదు. ఒక గ్లాసు నీళ్లలో మొత్తం పొడి గుమ్మరించి పసివాడికి పట్టిస్తే ఒంట్లో ఉప్పు మోతాదు మించిపోతుంది. అది విరేచనాల కన్నా ప్రమాదం. నీళ్లు ఎక్కువ పోస్తే ద్రవం పలచబడి పనికి రాకుండా పోతుంది. కొందరు సగం పొడి ఇప్పుడు, సగం రేపు అని కంటి అంచనాతో పంచుతారు. అదీ తప్పే. పైగా చిన్న పిల్లవాడు రోజుకు లీటరు తాగడు, మిగిలింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. జాంబియాలో కిట్ యమోయో అనే పెట్టె వచ్చింది. అందులో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు ఉంటాయి, ఆ పెట్టే కొలపాత్రగా పనికొస్తుంది. తల్లి దేనికీ వెతుక్కోనక్కరలేదు. అలాంటిది అన్నిచోట్లా దొరికే దాకా ఈ లీటరు ప్యాకెట్‌కు అర నక్షత్రం కోత వేస్తూనే ఉంటాను.

కొలత నేర్పడం ఎంత కష్టమో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థను అడగాలి. 1980 నుంచి పదేళ్లపాటు వాళ్ల కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి కోటికి పైగా కుటుంబాలకు గుప్పెడు బెల్లం, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, అర సేరు నీళ్లు అంటూ నేర్పారు. ఎన్ని ఇళ్లు తిరిగారన్న దాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు ముట్టేది కాదు. తర్వాత వేరేవాళ్లు వెళ్లి ఆ తల్లికి ఎంత గుర్తుందో పరీక్షించేవారు, దాన్నిబట్టే చెల్లింపు. మా శిక్షణ తరగతులకు కూడా ఆ పద్ధతి పెట్టి ఉంటే సగం మంది ఉపన్యాసకులు ఇంటిదారి పట్టేవారు.

రుచి మాట. బాగుండదు. కన్నీళ్లంత ఉప్పగా ఉంటే సరిగ్గా కలిపినట్టు, అంతకన్నా ఉప్పగా ఉంటే నీళ్లు తక్కువైనట్టు. ఒక విశేషం చెప్పాలి: ఒంట్లో నీరు బాగా తగ్గినవాళ్లు దీన్ని గటగటా తాగుతారు. తేరుకున్నాక అదే మనిషి మొహం తిప్పుకుంటాడు. మొహం తిప్పుకుంటే నాకు సంతోషమే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టాలి. కక్కేశాడు కదా అని మానేయకూడదు.

నిల్వ విషయంలో ఇప్పటి ప్యాకెట్ పాతదాని కన్నా ఎంతో మెరుగు. మొదట్లో సిట్రేట్ స్థానంలో వంటసోడా ఉండేది, వేడికీ తేమకూ పొడి గడ్డకట్టి రంగు మారేది. ఎనభైల్లో సిట్రేట్ వచ్చాక ఆ బెడద తగ్గింది. ఇప్పుడైనా గోధుమ రంగుకు తిరిగిన పొడిని వాడకండి.

పొడి కొలతలను మార్చిన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజంగా చర్చించదగ్గ విషయం. పాతదానిలో లీటరుకు సోడియం 90 మిల్లీమోల్ (గ్రాములకు బదులు కణాల సంఖ్యను లెక్కించే కొలత), గ్లూకోజు 111, ద్రవం మొత్తం గాఢత 311 ఉండేది. 2002 నాటి నుంచి సోడియం 75, గ్లూకోజు 75, గాఢత 245. పిల్లల మీద జరిగిన పరీక్షల్లో కొత్తది వాడితే అనుకోకుండా సెలైన్ పెట్టాల్సి రావడం మూడో వంతు తగ్గింది, వాంతులూ విరేచనాల పరిమాణమూ కూడా తగ్గాయి. బాగుంది. అయితే కలరా సోకిన పెద్దవాళ్ల విరేచనాల్లో సోడియం చాలా ఎక్కువగా పోతుంది. వాళ్లకు 75 సరిపోతుందా అని కలరా వైద్యుల్లో కొందరు అప్పుడే అడిగారు. పసిపిల్లలకూ పెద్దలకూ, అన్ని రకాల విరేచనాలకూ ఒకే ప్యాకెట్ ఉండాలనుకోవడంలో కొంత రాజీ ఉంది. నా మటుకు నాకు ఆ రాజీ సమ్మతమే. అర్ధరాత్రి రెండు రకాల ప్యాకెట్లలో ఏది ఎవరికో తేల్చుకోవడం ఇంట్లోవాళ్లకు సాధ్యం కాదు.

దీనితో తీరని అవసరాలూ ఉన్నాయి. మగతలో ఉన్నవాడికీ, తాగలేనివాడికీ, నాడి అందనివాడికీ దీన్ని పట్టిస్తూ కూర్చోకూడదు. అక్కడ సెలైనే, అదీ వెంటనే. నెత్తురు పడే విరేచనాలకు డాక్టర్ చూడాల్సిందే. పిల్లలకైతే దీనితో పాటు జింకు మాత్రలు పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వాలి: ఆరు నెలల లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20. జింకును చాలామంది మూడోనాడే ఆపేస్తారు, పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని. తల్లిపాలు, తిండి ఆపనే కూడదు. టీకా సంగతంటారా, నోటిలో వేసే కలరా టీకా మంచిదే, కానీ కొరత వల్ల 2022 అక్టోబరు నుంచి వ్యాప్తి ఉన్న చోట్ల రెండు మోతాదులకు బదులు ఒక్కటే వేస్తున్నారు. టీకా వచ్చినా ఈ ప్యాకెట్ పని ప్యాకెట్‌దే.

చివరగా పండ్ల రుచులతో, రంగురంగుల డబ్బాల్లో, ఓఆర్‌ఎస్ అనే మూడు అక్షరాలను తలపించే పేర్లతో వచ్చే తీపి పానీయాల గురించి. వాటికి నేను నక్షత్రాలు ఇవ్వను. చక్కెర మితిమీరితే అది పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ముందువైపు బొమ్మ ఏదైనా కానివ్వండి, వెనక్కి తిప్పి చదవండి: లీటరుకు మిల్లీమోల్ లెక్కన సోడియం 75, గ్లూకోజు 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేట్ 10, మొత్తం 245. ఈ అంకెలు కనిపిస్తే తీసుకోండి. కనిపించకపోతే, దాహానికి తాగే పానీయాల వరసలో దాన్ని తిరిగి పెట్టేయండి.