నాస్‌లో డిస్కుల్ని నిద్రపుచ్చడం: కరెంటు బిల్లు కోసమైతే వద్దు

ఇంట్లో అందరి ఫైళ్లూ దాచి నెట్‌వర్క్ మీద అందించే పెట్టెని నాస్ అంటారు. పని లేనప్పుడు దాని డిస్కుల మోటారు ఆపేసే సెట్టింగు ఒకటుంది. కరెంటు బిల్లు తగ్గుతుందని ఈ సెట్టింగు పెట్టుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను, తగ్గేది పెద్దగా ఏమీ ఉండదు. 3.5 అంగుళాల డిస్కు పనేమీ లేకుండా ఊరికే తిరుగుతుంటే సుమారు 5 వాట్లు లాగుతుంది, మోటారు ఆపేస్తే 1 వాటుకి దిగుతుంది. నా పెట్టెలో నాలుగున్నాయి. రోజుకి 20 గంటలు పడుకున్నాయనుకున్నా నెలకి 10 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకోండి, 80 రూపాయలు. తెలంగాణలో 200 యూనిట్ల గీత దగ్గర ఊగిసలాడే ఇళ్లకైతే ఆ పదీ విలువైనవే, ఎందుకంటే గీత దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. మాది ఏసీ ఇల్లు. ఏప్రిల్ వస్తే ఆ గీత ఎప్పుడు దాటామో కూడా తెలియదు.

అయినా ఈ ఫీచరు తీసేయమంటే మాత్రం తీసేయను. కారణం వేడి. మా నాస్ బెడ్‌రూమ్ గోడ అల్మరాలో ఉంటుంది, వేరే చోటు లేదు. మే నెలలో డిస్కులు 50 డిగ్రీలు చూపించేవి, అల్మరా తలుపు తీస్తే మొహానికి సెగ కొట్టేది. ఇప్పుడు పడుకున్న డిస్కు గదిలో ఉన్న వేడి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, అంతే. ఇంకోటి, కరెంటు పోయినప్పుడు. నాలుగు డిస్కులు ఊరికే తిరగడానికి తినే కరెంటుతో మూడో నంబరు మీద ఒక బీఎల్‌డీసీ ఫ్యాను తిరుగుతుంది. ఇన్వర్టర్ మీద బతికే రాత్రి ఆ తేడా తెలుస్తుంది.

సెట్టింగు పెట్టడం సులభమే. డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ కమాండులో 120 అని ఇస్తే, 10 నిమిషాలు పని లేకపోతే డిస్కు పడుకుంటుంది. (240 వరకు ఒక్కో అంకె 5 సెకన్లు, 241 దగ్గర లెక్క మారి ఒక్కసారిగా అరగంట అవుతుంది. ఇలా ఎందుకు పెట్టారో గానీ, తెలియక 250 ఇచ్చుకున్నవాళ్ల డిస్కులు 5 గంటలు ఆగితే గానీ పడుకోవు.) అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి.

పడుకున్న డిస్కులు మళ్లీ లేస్తున్నాయి. రాత్రి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అల్మరాలోంచి టక్‌మని ఒక చప్పుడు, వెనకే మోటారు గుయ్‌మంటూ వేగం అందుకోవడం, ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ. పది నిమిషాలకి పడుకుంటాయి. మళ్లీ కాసేపటికి టక్. "ఏమండీ, మీ పెట్టె మళ్లీ లేచింది" అని మా ఆవిడ నిద్రలోనే అనేది. నా అనుమానం ముందు ఫోన్ల మీదకి పోయింది, ఫొటోలు బ్యాకప్ అవుతున్నాయేమోనని. అది ఆపాను. టీవీ ఆన్ చేసినప్పుడల్లా మీడియా సర్వర్ని వెతుకుతుంది, దాని ప్లగ్గు పీకేశాను. ఒక రాత్రి నెట్‌వర్క్ కేబులే తీసేశాను. అయినా లేచాయి. అంటే ముద్దాయి పెట్టె లోపలే ఉన్నాడు.

ఏ ప్రోగ్రాము ఏ ఫైలు ముట్టుకుంటోందో చూపించే ఫ్యాట్రేస్ పెట్టి కూర్చున్నాను. డిస్కులు లేచాయి, తెర మీద ఒక్క లైనూ పడలేదు. దారి దొరికింది అక్కడే. ఫైలు జోలికి పోకుండా డిస్కుని లేపుతోందంటే, అది నేరుగా డిస్కుతోనే మాట్లాడే సరుకు. గడియారం చూసుకుంటే సరిగ్గా అరగంటకోసారి. అరగంట అంటే 1800 సెకన్లు, డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌డీకి మామూలుగా ఉండే విరామం. నిద్రపోతున్న డిస్కుని లేపి, ఒళ్లు వేడిగా ఉందా అని అడిగి వెళ్లిపోతోంది. రోజుకి 48 సార్లు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో స్టార్ట్ స్టాప్ కౌంట్ (మోటారు ఆగి మొదలైన లెక్క) చూస్తే ఆ లెక్కనే ఎక్కుతూ పోయింది. ఊరికే తిరగనిచ్చినా డిస్కుకి ఇంత హాని ఉండేది కాదేమో. డేటాషీట్లలో 3 లక్షలు, 6 లక్షలు అని కనిపించేది డేటా చదివే హెడ్డు పక్కకి వెళ్లి పార్క్ అయ్యే లెక్క, మోటారు ఆగి మొదలయ్యేది కాదు. ఆ అంకె చూసి ధీమాగా ఉండకండి.

నేను వాడే నాస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పరీక్ష 'నెవర్' మీద ఉంది, అంటే డిస్కు ఏ స్థితిలో ఉన్నా వదలదు. 'స్టాండ్‌బై' అని మార్చాను, అంటే పడుకున్న డిస్కు జోలికి పోదు. ఆ రాత్రి నుంచి అల్మరాలో చప్పుడు లేదు. అప్పుడు ఎంత సంతోషమేసిందంటే కనిపించినవాళ్లందరికీ ఈ సెట్టింగు పెట్టుకోమని చెప్పాను.

ఆ సలహాకి ఇప్పుడు కొన్ని సవరణలు. డిస్కులన్నిటినీ ఒకటిగా కలిపే రెయిడ్‌లో ఒక ఫొటో తెరిచినా అన్ని డిస్కులూ లేస్తాయి, అందుకని తర్వాత మెర్జర్‌ఎఫ్‌ఎస్, స్నాప్‌రెయిడ్‌కి మారాను. మొదటిది విడివిడి డిస్కుల్ని ఒకే ఫోల్డరులా చూపిస్తుంది, రెండోది ప్యారిటీ రాస్తుంది, అంటే ఏదైనా పోతే డేటా తిరిగి కట్టుకోవడానికి పనికొచ్చే అదనపు లెక్క. ఫైలు ఏ డిస్కులో ఉంటే అదొక్కటే లేస్తుంది, వారానికోసారి ఆ ప్యారిటీని తాజా చేసే సింక్‌కి మాత్రం అన్నీ. బాగానే ఉంది. కానీ పెళ్లి వీడియోలు, పాత ఫొటోలు ఉన్న డిస్కు వారమంతా నిద్రలోనే ఉండిపోయింది. స్మార్ట్‌డీ వస్తుంది, పడుకుందని చూసి వెళ్లిపోతుంది. సింక్ కొత్తగా చేరినవాటికి కావలసినంతే చదువుతుంది. మిగిలిన పాత సెక్టార్లు (డిస్కు మీద డేటా ఉండే చిన్న గళ్లు) చదివే దిక్కు లేదు. చాలా నెలల తర్వాత, పాత డేటా చదివి సరిచూసే స్క్రబ్ నడిపితే అదే డిస్కులో రీడ్ ఎర్రర్లు, సరిగ్గా చదవలేక అనుమానంలో పెట్టిన పెండింగ్ సెక్టార్లు. ప్యారిటీ ఉంది కాబట్టి వీడియోలు దక్కాయి. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్‌కి మాత్రం ఆ 80 రూపాయలు సరిపోవు.

2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో కొలరెల్లి, గ్రన్‌వాల్డ్ ఈ పద్ధతికి మెయిడ్ అని పేరు పెట్టారు, పనిలేని డిస్కుల పెద్ద గుంపు అని అర్థం. దాన్ని సరుకుగా అమ్మిన కోపాన్ సిస్టమ్స్ పెట్టెల్లో ఒకేసారి నాలుగో వంతుకి మించి డిస్కులు తిరిగేవి కావు. పడుకున్నవాటిని అప్పుడప్పుడూ లేపి పరీక్షించే ఏర్పాటు కూడా అందులోనే ఉండేది, దాని పేరు డిస్క్ ఏరోబిక్స్. మన ఇంటి నాస్‌లకి నిద్రపుచ్చే భాగం వచ్చింది, లేపి చూసే భాగం మనమే పెట్టుకోవాలి. స్మార్ట్‌డీలో స్టాండ్‌బై పక్కన కామా పెట్టి 48 అని రాస్తే, వరుసగా 48 సార్లు వదిలేశాక ఒకసారి లేపైనా చూస్తుంది. రోజుకోసారి. నెలకోసారి స్క్రబ్ కూడా పెట్టాను.

ఆలస్యం సంగతీ చెప్పాలి. పడుకున్న డిస్కు లేచి ఫైలు ఇవ్వడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. మా టీవీ అంతసేపు ఆగదు, ఫైలు లేదంటుంది. రెండోసారి నొక్కితే వస్తుంది. మాకు అలవాటైంది. ఇంటికొచ్చిన మామయ్యగారు మాత్రం "ఎందుకయ్యా ఇంత పెట్టె, పెన్‌డ్రైవ్ పెట్టుకోక" అన్నారు.

నాకు ఇది సరిపోయింది, ఎందుకంటే నా దగ్గరున్నదాంట్లో ఎక్కువ భాగం నెలకోసారి కూడా తెరవనిది, పెట్టె ఉన్నదేమో పడుకునే గదిలో. మీ నాస్ ఆఫీసులో పదిమంది వాడేదైనా, టోరెంట్లు నడుస్తున్నా డిస్కులు గంటకి నాలుగుసార్లు లేచి పడుకుంటాయి, వాటిని తిరగనివ్వడమే మేలు. సీసీ కెమెరా రికార్డింగు కూడా అంతే. మాది ముందే మోటారు లేని ఒక పాత ఎస్ఎస్‌డీ మీదకి మార్చేశాను. అది డిస్కుల మీదే ఉంటే మీరు ఎన్ని నిమిషాలు పెట్టినా అవి కన్ను మూయవు.