యజమాని పొలమా, పోర్ట్ ఆర్థరా?

1830ల్లో ద్వీపాంతర శిక్ష పడి వాన్ డీమెన్స్ ల్యాండ్, అంటే ఇప్పటి టాస్మానియా, చేరిన బ్రిటిష్ ఖైదీల్లో చాలామంది జైలు గోడల మధ్య ఉండలేదు. ప్రభుత్వం వాళ్లను వలస వచ్చిన రైతులకు పనివాళ్లుగా అప్పగించేది. గొర్రెలు కాయాలి, దున్నాలి, వంట చేయాలి. యజమాని తిండి, బట్ట, నీడ ఇస్తే చాలు, జీతం అక్కర్లేదు. కొరడా దెబ్బలు కొట్టించాలంటే మాత్రం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. ఆ మేజిస్ట్రేటు కూడా తరచు ఇంకో భూస్వామే అనుకోండి! దొరికిన యజమాని ఎలాంటివాడన్నది పూర్తిగా లాటరీ. బుద్ధిగా ఉంటే కొన్నేళ్లకు ‘టికెట్ ఆఫ్ లీవ్’ వచ్చేది, ఇక తన కూలి తనే సంపాదించుకోవచ్చు.

అదే ద్వీపంలోని శిక్షా శిబిరం పోర్ట్ ఆర్థర్ వేరే లోకం. 1830లో కలప కొట్టే శిబిరంగా మొదలై, ద్వీపానికొచ్చాక మళ్లీ తప్పు చేసినవాళ్లను పంపే చోటుగా పేరుపడింది. కాళ్లకు సంకెళ్లు, భుజాన దుంగలు. పారిపోదామంటే ఈగిల్‌హాక్ నెక్ అనే సన్నటి నేలపట్టీ దగ్గర సైనికులు, వరసగా కట్టేసిన కుక్కలు. తర్వాత కట్టిన సెపరేట్ ప్రిజన్‌లో నిశ్శబ్దమే శిక్ష. ఒంటరి గది, బయటికొస్తే ముఖానికి ముసుగు, ప్రార్థనలో కూడా పక్కవాడు కనపడకుండా అడ్డుపలకలు. నాకైతే కొరడా కన్నా ఇదే భయంకరం.

ఒక్క విషయంలో పోర్ట్ ఆర్థర్‌దే పైచేయి: ఓడలు కట్టడం, చెప్పులు కుట్టడం లాంటి చేతిపనులు అక్కడ నడిచేవి. పక్కనే పాయింట్ ప్యూర్‌లో ఉంచిన కుర్రాళ్లకు కూడా పని నేర్పేవారు.